టెంటులో రాత్రికి కరెంటు: క్యాంపింగ్‌కి ఇన్వర్టర్ ఎంచుకోవడం, బిగించుకోవడం

మొదటిసారి గండికోటలో టెంటు వేసుకున్న రాత్రి మా ఇన్వర్టర్ ఎనిమిదిన్నరకే కుయ్‌కుయ్‌మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. బ్యాటరీ ఆ ఉదయమే నిండా చార్జ్ చేసి తెచ్చుకున్నది. రైస్ కుక్కర్ పెట్టి ఐదు నిమిషాలు కూడా కాలేదు. "బావా, నీకెవడో డూప్లికేటు ఇన్వర్టర్ అంటగట్టాడు" అని తేల్చేశాడు మా బావమరిది. నేనూ అదే అనుకున్నాను. మల్టీమీటర్ తెచ్చుకున్నాను కాబట్టి ఊరికే ఓసారి పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు. ఇన్వర్టర్ దగ్గర 10.4. మధ్యలో దాదాపు రెండు వోల్టులు ఏమైపోయాయి?

వైరు పట్టుకుంటే తెలిసింది, చెయ్యి చురుక్కుమంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు అది. కారు డిక్కీలోంచి టెంటు దాకా మూడు మీటర్లు లాగాను. మధ్యలో ఫ్యూజు కూడా లేదు. అన్నం ఉడకాల్సిన కరెంటుతో వైరు ఉడుకుతోంది. ఇంకో గంట అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇన్వర్టర్ మంచిదే. తప్పంతా నాది. అందుకే ఇక్కడ నేను చెప్పే వరుస షాపులో చెప్పే వరుసకి తలకిందులుగా ఉంటుంది. షాపులో ముందు "ఎన్ని వాట్లు కావాలి సార్?" అని అడుగుతారు. మీరు మాత్రం ముందు ఏమేం నడపాలో రాసుకోండి, దాన్నిబట్టి బ్యాటరీ, ఆ తర్వాత ఇన్వర్టర్, దానికి తగ్గ వైరు. ఇన్వర్టర్ ఎంత చిన్నదైతే మీకు అంత హాయి.

1. కాగితం మీద చిట్టా రాయండి

ఒక్కో వస్తువుకి వాట్లు ఎన్నో, రాత్రి ఎన్ని గంటలు నడుస్తుందో రాసి గుణించండి. వచ్చేది వాట్ అవర్లు. మా ఇంటి చిట్టా ఇది: తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 35 వాట్లు, ఎనిమిది గంటలు, అంటే 280. మామయ్యగారికి నిద్రలో ఊపిరి కోసం వాడే సీప్యాప్ మెషీన్, 40 వాట్ల చొప్పున ఏడు గంటలు, ఇంకో 280. నాలుగు ఫోన్లకి కలిపి 100. ల్యాప్‌టాప్‌కి 90. రెండు ఎల్‌ఈడీ బల్బులు నాలుగేసి గంటలకి 72. దోమల మందు మెషీన్ రాత్రంతా 40. మొత్తం 862.

ఇన్వర్టర్ 12 వోల్టుల్ని 230 చేసేటప్పుడు పది పదిహేను శాతం వేడిగా పోతుంది. 862ని 0.85తో భాగిస్తే 1,014. ఇది కాక ఏ లోడూ లేకపోయినా, స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇన్వర్టర్ తన కోసం కొంత తింటుంది. ఏడెనిమిది వాట్ల చొప్పున పన్నెండు గంటలకి ఇంకో 90 వాట్ అవర్ల దాకా. అంటే ఒక రాత్రికి మాకు 1,100 వాట్ అవర్లు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని చిట్టాలోంచి కొట్టేయడం మొదలుపెట్టండి. అసలు పని ఇదే. ఫోన్లకి 230 వోల్టులు ఎందుకు? 12 వోల్టుల నుంచి నేరుగా యూఎస్‌బీ చార్జర్ పెట్టుకోవచ్చు. 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి. సీప్యాప్‌కి చాలా కంపెనీలు 12 వోల్టుల మీద నడిచే డీసీ అడాప్టర్ విడిగా అమ్ముతాయి. అది పెడితే ఇన్వర్టర్ ఆగిపోయినా ఊపిరి మెషీన్ ఆగదు. దాంట్లో నీటి ఆవిరి పట్టే హీటర్ ఉంటే కరెంటు బాగా ఎక్కువ తింటుంది. ఆ రాత్రికి దాన్ని ఆపొచ్చా అన్నది డాక్టరుగారినే అడగండి.

వేడి చేసే వస్తువులు, గిర్రున తిరిగే పెద్ద మోటార్లు చిట్టాలో ఉండనే కూడదు. ఇండక్షన్ స్టవ్ 1,500 వాట్ల మీద పెడితే బ్యాటరీ నుంచి సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంప్ అవర్ల (అంటే 100 ఆంపియర్లు గంటసేపు ఇచ్చే) లిథియం బ్యాటరీ లెక్కప్రకారం ముప్పావు గంట కూడా రాదు. నిజానికి అంతసేపు కూడా నడవదు, బ్యాటరీని కాపాడటానికి లోపల ఉండే బీఎంఎస్ అనే సర్క్యూట్ ముందే కట్ చేసేస్తుంది. 750 వాట్ల మిక్సీ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు లాగుతుంది. కొబ్బరి చట్నీ కోసం రెండు వేల వాట్ల ఇన్వర్టర్ కొనేవాళ్లని నేను చూశాను. ఇంటి దగ్గర రుబ్బించుకుని డబ్బాలో తెచ్చుకోండి, లేదా గోంగూర పచ్చడితో సరిపెట్టుకోండి. వంటకి చిన్న గ్యాస్ సిలిండరు, పొయ్యి చాలు, అది కూడా టెంటు బయటే.

2. బ్యాటరీ

కారు బ్యాటరీ మీద కన్నేయకండి. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఒక్క విసురు ఇచ్చే బ్యాటరీ, రాత్రంతా నెమ్మదిగా ఖర్చయ్యేది కాదు. మామూలు కార్లలో 35 నుంచి 45 ఆంప్ అవర్లే ఉంటుంది. తెల్లారి వంజంగి కొండ కింద కారు స్టార్ట్ కాక, జంపర్ కేబుళ్ల కోసం దారిన పోయే ప్రతి బండినీ ఆపుతూ నిలబడితే మేఘాల అందం ఏం కనపడుతుంది?

విడిగా ఒక బ్యాటరీ కావాలి. రెండు దారులున్నాయి. లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అంటే 1,100 వాట్ అవర్లు వాడుకోవడానికి 2,200 ఉండాలి. 100 ఆంప్ అవర్లవి రెండు. ఒక్కోటి 30 కిలోల అటూ ఇటూ. ఇంట్లో ఉన్న ట్యూబులర్ బ్యాటరీని మోసుకెళ్దామని మాత్రం అనుకోకండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో యాసిడ్ ఒలికిందంటే డిక్కీ తివాచీ, పక్కనున్న దుప్పట్లు, అన్నీ పోతాయి. లెడ్ యాసిడే తీసుకుంటే సీల్ చేసిన ఎస్‌ఎంఎఫ్ లేదా జెల్ రకం తీసుకోండి.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12.8 వోల్టులు, 100 ఆంప్ అవర్లు అంటే 1,280 వాట్ అవర్లు. తొంభై శాతం దాకా ధైర్యంగా వాడుకోవచ్చు, బరువు పది పన్నెండు కిలోలు. ధర ఎక్కువే. అయినా ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లేవాళ్లయితే నడుం నొప్పి లెక్కలో వేసుకుని ఇదే కొనమంటాను. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లు అసలు ఇవేవీ కొనకుండా బ్యాటరీ, ఇన్వర్టర్, చార్జర్ అన్నీ ఒకే పెట్టెలో ఉండే పవర్ స్టేషన్‌ని అద్దెకి తెచ్చుకోవడం మేలు.

లిథియంతో రెండు చిక్కులు. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు. డిసెంబరు, జనవరిలో లంబసింగిలో తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. ఎండ బాగా వచ్చాకే సోలార్ ప్యానెల్ తగిలించండి. రెండోది, వోల్టేజి చూసి చార్జింగ్ ఎంత మిగిలిందో చెప్పలేం. ముప్పావు వంతు ఉన్నా, పావు వంతే ఉన్నా మీటరు 13 దగ్గరే తచ్చాడుతుంది. ఆంపియర్లు లెక్కపెట్టే షంట్ మీటర్ ఒకటి పెట్టుకోండి. లెడ్ యాసిడ్‌లో ఈ గొడవ లేదు: లోడు తీసేసి కాసేపు ఆగి చూస్తే 12.7 నిండుగా ఉన్నట్టు, 12.1 అంటే సగం అయిపోయినట్టు.

3. ఇన్వర్టర్

మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే చార్జర్ కూడా కలిసి ఉన్న పెట్టె, కింద ట్రాలీలో బ్యాటరీ. క్యాంపింగ్‌కి కావలసింది అది కాదు. 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీ చేసే చిన్న పెట్టె మాత్రమే.

ఇంటి కరెంటులాగే నున్నటి అలలా కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి. మోడిఫైడ్ సైన్ వేవ్ అని సగం ధరకి అమ్మేదాంట్లో బల్బులు, ఫోన్ చార్జర్లు నడుస్తాయి. కానీ మామూలు ఫ్యాన్లు గుర్రుమంటాయి, మోటారు వేడెక్కుతుంది, సీప్యాప్ లాంటి మెషీన్లకి మంచిది కాదు. మొదట్లో నేను కక్కుర్తిపడి అదే కొన్నాను. టెంటులో ఫ్యాను పెడితే గుడి మైకులో హమ్ వచ్చినట్టు రాత్రంతా ఒకటే మోత.

పెట్టె మీద రాసిన అంకె ఏమిటో చదవండి. కొన్నిటి మీద పెద్దక్షరాలతో 1,000 అని ఉంటుంది, అది ఒక్క క్షణం తట్టుకునే పీక్ వాట్లు. నిలకడగా ఇచ్చేది 500 అని పక్కన చిన్నగా ఉంటుంది. మీ లెక్కకి ఆ చిన్నక్షరాలే ముఖ్యం. వీఏ అని ఉంటే అవి వాట్లు కావు, దాన్ని సుమారు 0.8తో గుణించండి.

మీ చిట్టాలో ఒకేసారి నడిచేవాటి వాట్లు కూడితే సాధారణంగా 200 కూడా దాటవు. 300 నుంచి 500 వాట్ల ఇన్వర్టర్ పుష్కలం. "పెద్దది తీసుకుంటే పనికొస్తుంది కదా" అనిపిస్తుంది. పెద్దది ఖాళీగా కూడా ఎక్కువ తింటుంది, దానికి లావు వైరు కావాలి. పైగా అది ఉందని కెటిల్ కూడా పెట్టాలనిపిస్తుంది, ఆ రోజుతో బ్యాటరీ సంగతి సరి.

ఇంకోటి: అమెరికా నుంచి తమ్ముడు తెచ్చిచ్చాడని 120 వోల్టుల, 60 హెర్ట్జ్ ఇన్వర్టర్‌కి మన వస్తువులు తగిలించకండి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఈ అంకెల్ని తిరగేసుకుని అక్కడిదే కొనుక్కోండి.

సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చిన్న ఇన్వర్టర్లు ఉంటాయి. ఆ సాకెట్ ఫ్యూజు 10, 15 లేదా 20 ఆంపియర్లుంటుంది. 15 అయితే లెక్కకి 180 వాట్లు, నమ్మకంగా 120. ఇంజన్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ చార్జ్ చేసుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి ఆశించకండి.

4. వైరు, ఫ్యూజు, లగ్గులు

గండికోటలో నన్ను ముంచింది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను.

230 వోల్టుల మీద 400 వాట్ల కుక్కర్ రెండు ఆంపియర్లు కూడా లాగదు. 12 వోల్టుల వైపు అదే కుక్కర్‌కి 40 ఆంపియర్లు పారాలి. నా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు పోనూ రానూ ఆరు మీటర్లు. దాని రెసిస్టెన్స్ 0.042 ఓములు. 40 ఆంపియర్లతో గుణిస్తే 1.7 వోల్టులు వైరులోనే పోతాయి. అటు చివర వోల్టేజి పడేకొద్దీ ఇన్వర్టర్ ఇంకొంచెం ఎక్కువ లాగుతుంది, ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. డెబ్బై వాట్లకి పైగా వేడి, సన్నటి వైరులో. ఇన్వర్టర్ తన దగ్గరికి చేరిన 10.4ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని అరిచింది.

విరుగుడు ఒక్క మాటలో: 12 వోల్టుల వైరు పొట్టిగా, లావుగా; 230 వోల్టుల వైరు కాస్త పొడుగైనా ఫర్వాలేదు. ఇన్వర్టర్‌ని బ్యాటరీ పక్కనే పెట్టి, టెంటు దాకా ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగండి. 500 వాట్ల ఇన్వర్టర్‌కి ఒక్కో వైరు మీటరు లోపు ఉంటే 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుంది. వెయ్యి వాట్లయితే 35 తీసుకోండి. సన్నటి తీగలు బోలెడు ఉండే ఫ్లెక్సిబుల్ కేబుల్ అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ కూడా అమ్ముతారు. చివర కొద్దిగా కోసి చాకుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది వద్దు.

వైరు చివర్లకి లగ్గులు, అంటే బోల్టుకి తగిలించే రింగు ముక్కలు, కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పట్టు ఉండదు. బ్యాటరీ షాపులోనో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరో వాటిని గట్టిగా నొక్కే హైడ్రాలిక్ క్రింపర్ ఉంటుంది. బ్యాటరీ బోల్టు, ఇన్వర్టర్ బోల్టు సైజులు కొలుచుకుని వెళ్లి అక్కడే నొక్కించుకోండి. నొక్కాక రెండు చేతులతో గట్టిగా గుంజి చూడండి, షాపు అన్న ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. ఊడితే షాపులోనే ఊడాలి.

ఫ్యూజు ప్లస్ వైరు మీద, బ్యాటరీ టెర్మినల్‌కి జానెడు దూరం లోపల ఉండాలి. అది కాపాడేది ఇన్వర్టర్‌ని కాదు, వైరుని. ఇన్వర్టర్ పక్కన పెడితే మధ్యలో వైరు నలిగి షార్ట్ అయినప్పుడు ఎందుకూ పనికిరాదు. 500 వాట్ల ఇన్వర్టర్ నిండా నడిస్తే యాభై పైచిలుకు ఆంపియర్లు, దానికి పాతిక శాతం కలిపి 70 ఆంపియర్ల ఏఎన్‌ఎల్ రకం (బోల్టులతో బిగించే) ఫ్యూజు, హోల్డర్‌తో సహా కొనండి. గాజు గొట్టం ఫ్యూజులు ఇక్కడ పెట్టొద్దు.

5. బిగించడం

డిక్కీ కొలతకి 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క కోయించుకోండి. బ్యాటరీని రాచెట్ బెల్టుతో దానికి బిగించండి. సడన్ బ్రేకు వేస్తే పన్నెండు కిలోల పెట్టె ముందు సీటు మీదికి రాకూడదు. ఇన్వర్టర్‌ని పక్కన స్క్రూలతో బిగించి, దాని ఫ్యాను ఉన్న వైపు బెత్తెడు ఖాళీ వదలండి. లెడ్ యాసిడ్ అయితే సరిగ్గా దాని పైన పెట్టకండి, చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్‌కి నిప్పురవ్వ చాలు.

కనెక్షన్లకి ముందు చేతి ఉంగరాలు, కడియం, వాచీ తీసేయండి. స్పానర్‌కి చివర తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఆ తర్వాత ఈ వరుసలో:

ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఫ్యూజుని హోల్డర్‌లోంచి తీసి జేబులో వేసుకోండి. ఇన్వర్టర్ వైపు రెండు వైర్లూ బిగించండి, ఎరుపు ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. ఇప్పుడు బ్యాటరీ ప్లస్, తర్వాత మైనస్. మల్టీమీటర్ ఎరుపు ముల్లు ఫ్యూజు హోల్డర్‌లో బ్యాటరీ వైపు, నలుపు ముల్లు ఇన్వర్టర్ మైనస్ మీద పెట్టండి. మైనస్ గుర్తు లేకుండా 12 పైచిలుకు చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. అంకె ముందు మైనస్ కనిపిస్తే ఎక్కడో తిరగబడింది. అలాగే ఫ్యూజు పెడితే ఇన్వర్టర్ లోపలి భాగాలు ఒక్క క్షణంలో కాలిపోతాయి, వారంటీ కూడా రాదు. అంతా సరిపోయాకే ఫ్యూజు పెట్టండి. పెట్టగానే చిటుక్కుమని చిన్న రవ్వ వస్తే కంగారుపడొద్దు, లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయంతే. విప్పేటప్పుడు ఇదంతా తలకిందులు: ముందు స్విచ్ ఆఫ్, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత బ్యాటరీ మైనస్.

ఇన్వర్టర్ మీద ఎర్త్ స్క్రూ ఉంటే మాన్యువల్‌లో చెప్పినట్టు కారు బాడీకి కలపండి. అలాగే రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో ఈ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ని ఇంటి గోడ సాకెట్లోకి ఎప్పుడూ ఎక్కించకండి. కరెంటు పోయిందని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి రావచ్చు, కరెంటు తిరిగొస్తే ఇన్వర్టర్ పేలిపోవచ్చు.

కారు నడుస్తుండగా ఈ రెండో బ్యాటరీ చార్జ్ కావాలంటే కారుకీ దానికీ మధ్యలో, సరైన వోల్టేజి ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో చాలావాటి ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కారు కంప్యూటర్ చెప్పినప్పుడు వోల్టేజి తగ్గించేసుకుంటుంది, ఉత్త వైరు కలిపితే రెండో బ్యాటరీ నిండదు. 20 ఆంపియర్ల చార్జర్ ఐదు గంటల ప్రయాణంలో 100 ఆంప్ అవర్ల బ్యాటరీని దాదాపు నింపేస్తుంది. హైదరాబాద్ నుంచి గండికోట అంతకంటే దూరమే. ఈ ఒక్క పనీ నేను సొంతంగా చేయలేదు, ఆటో ఎలక్ట్రీషియన్‌కి వదిలేశాను. కారు వైర్లు కోస్తే వారంటీ గొడవ వస్తుంది కాబట్టి కోయకుండా చేయమని ముందే చెప్పండి. సోలార్ అయితే 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 350 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. రెండో రాత్రికి ఊతం, అంతే.

6. ఇంటి దగ్గర ఒక రాత్రి

బయల్దేరే వారం ముందు శనివారం రాత్రి, కారు బయట పెట్టి చిట్టాలో ఉన్నవన్నీ నిజంగా నడపండి. ముందు ఒక బల్బు, తర్వాత ఫ్యాను, తర్వాత మిగతావి. అన్నీ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర, ఇన్వర్టర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజి చూడండి. తేడా 0.2 దాటితే ఎక్కడో వదులు ఉంది. పది నిమిషాల తర్వాత అన్నీ ఆపేసి ఒక్కో లగ్గునీ వేలితో తాకండి. ఏది వెచ్చగా ఉంటే అదే దొంగ. నాకు రెండోసారి ఫ్యూజు హోల్డర్ నట్టు పట్టుబడింది, అర చుట్టు బిగిస్తే సరిపోయింది. పొద్దున్నే షంట్ మీటర్‌లో ఎంత ఖర్చయిందో చూసి కాగితం మీది లెక్కతో పోల్చుకోండి.

7. క్యాంపు దగ్గర

మంచుకి తడిసిన గడ్డి మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టకండి. చిన్న పెట్టెలోంచి వచ్చినా అది 230 వోల్టులే, ఇంట్లో కరెంటు ఎలా కొడుతుందో ఇదీ అలాగే కొడుతుంది. బోర్డుని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టండి, లేదా టెంటు లోపలి కొక్కేనికి వేలాడదీయండి. మారేడుమిల్లి లాంటి చోట వాన చెప్పి రాదు.

ఎండాకాలం మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో బ్యాటరీ, ఇన్వర్టర్ వదిలి గండికోట లోయ చూడ్డానికి వెళ్లకండి. డిక్కీ తలుపు కాస్త తీసి ఉంచి ఎవరో ఒకరు కాపలా ఉండండి, లేదా నీడలో పార్క్ చేయండి. రాత్రి చార్జింగ్ తగ్గిందని టెంటు పక్కనే ఇంజన్ ఆన్ చేసి పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

పడుకునే ముందు 230 వోల్టుల వస్తువు ఏదీ నడవడం లేదనుకుంటే ఇన్వర్టర్‌నే ఆపేయండి. మామయ్యగారి మెషీన్‌ని డీసీ అడాప్టర్ మీదికి, ఫోన్లు, బల్బుల్ని 12 వోల్టుల మీదికి మార్చాక మా ఇన్వర్టర్ ఇప్పుడు రాత్రంతా నడిపేది ఒక్క ఫ్యాను, ఒక్క దోమల మెషీన్. పోయినసారి తెల్లారేసరికి బ్యాటరీలో ఇంకా చార్జింగ్ మిగిలే ఉంది. బావమరిది ఇప్పుడు 12 వోల్టుల ఫ్యాను వెతుకుతున్నాడు, ఇన్వర్టర్‌నే తీసేద్దామంటాడు.

ఇంటికొచ్చాక లిథియం బ్యాటరీని సగం చార్జింగ్‌తో, లెడ్ యాసిడ్ అయితే నిండా నింపి పెట్టండి. ఫ్యూజు తీసి ఓ కవర్లో వేసి, ఇంకో కొత్త ఫ్యూజుతో కలిపి డ్యాష్‌బోర్డు అరలో పడేయండి.